గంటలు – గడియలు

తెలుగుభాషలో కాలానికీ శబ్దానికీ చిత్రమైన చుట్టరికం ఉన్నది. గుడిలో మోగేదీ గంటే, బడి విడిచేటప్పుడు కొట్టేదీ గంటే, రోజును ఇరవై నాలుగు భాగాలు చేస్తే వచ్చే ఒక్కొక్క భాగమూ గంటే. "ఎన్ని గంటలయింది?" అని అడిగేవాడు నిజానికి ఎన్నిసార్లు మోగిందని అడుగుతున్నాడన్నమాట. ఆంగ్లంలోని 'క్లాక్' అనే మాటకు మూలమైన మధ్యయుగపు లాటిన్ పదానికి కూడా గంట అనే అర్థం. ఐరోపాలో తొలినాటి యంత్ర గడియారాలలో చాలావాటికి ముఖమే లేదు. వేళకు గంట కొట్టి మఠాలలోని సన్యాసులను ప్రార్థనకు లేపడమే వాటి పని. కాలం మొదట చెవికి తెలిసి, ఆ తరువాత ఎప్పటికో కంటికి కనిపించింది. కనిపించిన నాడు ఆంగ్లేయుడికి దాని మీద చేతులు కనిపించాయి. తెలుగువాడికి ముళ్ళు కనిపించాయి. త్రాసు నడుమ అటూ ఇటూ ఊగే సూచికను ముల్లు అనడం తెలుగునాట పాత అలవాటే కనుక ఆ పేరే గడియారంలోకి నడిచి వచ్చి ఉండాలి. ఆలస్యంగా కచేరీకి వచ్చిన ఉద్యోగిని గుచ్చుకునేవి కూడా ఆ ముళ్ళేనన్నది వేరే సంగతి.

'గడియారం' అన్న మాటలో ఒక కుండ దాగి ఉన్నది. సంస్కృతంలో ఘటమంటే కుండ. ఘటిక అంటే చిన్న కుండ. ఆ ఘటికే తెలుగులో గడియ అయింది. దీని పనితీరు ఎంత తేలికైనదో అంత తెలివైనది. అర్ధగోళాకారంలో ఒక రాగిగిన్నె చేయించి, దాని అడుగున సన్నని బెజ్జం పెట్టి, నిండు నీళ్ళ తొట్టిలో తేలవేస్తారు. బెజ్జం గుండా నీరు మెల్లగా పైకి ఊరి, గిన్నె నిండి, బుడుంగున మునుగుతుంది. అది ఒక గడియ. గిన్నెను తీసి, నీరు వొంపి, మళ్ళీ తేలవేస్తే రెండవ గడియ. పగలూ రాత్రీ కలిసి సరిగా అరవైమార్లు మునిగే గిన్నెయే సరియైన గిన్నె అని సూర్యసిద్ధాంతం నిర్ణయించింది. అరవై గడియలు ఒక రోజు కనుక గడియకు నేటి లెక్కలో 24 నిమిషాలు. గడియలో అరవయ్యవ వంతైన విగడియకు 24 సెకన్లు. ఏడున్నర గడియలు ఒక జాము. బెజ్జం ఏమాత్రం పెద్దదైనా కాలం పరుగెత్తుతుంది; నీటిలోని మట్టి చేరి బెజ్జం పూడుకొంటే కాలం కుంటుతుంది. అందుకే నీరు నిర్మలంగా ఉండాలన్న నియమం కూడా పెట్టారు.

గిన్నె తనంతట తాను మునుగుతుంది గానీ తనంతట తాను తేలదు. పక్కన ఒక మనిషి మేలుకొని ఉండాలి. క్రీ.శ. ఏడవ శతాబ్దం చివరి భాగంలో నలందలో చదువుకొన్న చైనా యాత్రికుడు ఇత్సింగ్ అక్కడి జలఘటికను శ్రద్ధగా వర్ణించాడు. గిన్నె మునిగినప్పుడల్లా భేరీ మోగించేవారని, ఆ శబ్దాన్ని అనుసరించే భిక్షువుల దినచర్య నడిచేదని అతని రాతల వలన తెలుస్తున్నది. ఎనిమిదిన్నర శతాబ్దాల తరువాత హిందూస్థానానికి వచ్చిన బాబరు కూడా తన స్మృతులలో ఈ సంగతినే ప్రస్తావించాడు. ఇత్తడి పళ్ళెం వంటి జేగంటను ఎత్తయిన చోట వ్రేలాడదీసి గడియ గడియకూ కొట్టేవారట. అయితే అతనికి అందులో ఒక లోపం కనిపించింది. నడిరేయి మెలకువ వచ్చినవాడికి మూడు దెబ్బలో నాలుగు దెబ్బలో వినిపిస్తాయి. అవి ఏ జాములోనివో తెలియదు. గడియల లెక్క కొట్టిన తరువాత కొంచెం ఆగి, జాముల లెక్క కూడా కొట్టవలసిందని బాబరు ఆజ్ఞాపించాడు. సామ్రాజ్య స్థాపకుడు నిద్రపట్టని రాత్రివేళ ఇటువంటి చిన్న చిక్కును గురించి ఆలోచించాడంటే, అతని యుద్ధాలకన్నా ఈ విషయమే అతనిని మనకు దగ్గరివాడిని చేస్తుంది.

ఆ గిన్నెను అల్లుకొని ఒక కథ కూడా ఉన్నది. భాస్కరాచార్యుని కుమార్తె లీలావతి పెళ్ళి ముహూర్తానికి జలఘటికను సిద్ధం చేశారట. కుతూహలంతో ఆ పిల్ల గిన్నెలోకి తొంగిచూడగా ఆమె అలంకారంలోని ముత్యమొకటి జారి బెజ్జానికి అడ్డుపడిందట. గిన్నె మునగలేదు; ముహూర్తం దాటిపోయింది. కుమార్తెను ఓదార్చడానికి తండ్రి ఆమె పేరిట గణితగ్రంథం రాశాడని చెబుతారు. భాస్కరుడు పన్నెండవ శతాబ్దంవాడు. ఈ కథ కనిపించేది 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదంలో. నాలుగు శతాబ్దాల ఎడం ఉన్న కథను చరిత్ర అనలేము. అయినా అది పుట్టడానికి తగిన కారణం లేకపోలేదు. ఒక ఆడపిల్ల జీవితమంతా ఒక గిన్నె మునగడం మీద ఆధారపడి ఉన్న సమాజంలో, ఆ గిన్నె మునగకపోతే ఏమవుతుందన్న భయం ఎవరికో ఒకరికి కలగకుండా ఉండదు.

గడియలను లెక్కపెట్టే గిన్నెలు దేవాలయాలకు, రాజమందిరాలకు, జ్యోతిష్కులకు పరిమితం. పొలం పనులు చేసుకొనేవారికి ఆకాశమే గడియారం. వేగుచుక్క పొడవడం, తొలికోడి కూయడం, బారెడు పొద్దెక్కడం, పొద్దు నడినెత్తికి రావడం, పొద్దు వాలడం, పశువులు ఇల్లుచేరే గోధూళివేళ, దీపాలు పెట్టే వేళ, ఊరు మాటుమణిగిన వేళ – ఇవన్నీ ఆ గడియారం మీది అంకెలే. ఇవి ఉజ్జాయింపు కొలతలని నవ్వనక్కరలేదు. నాగలి కట్టడానికి ఎంత ఖచ్చితత్వం కావాలో అంత ఖచ్చితత్వం వాటిలో ఉన్నది. రైలు ఎక్కవలసి వచ్చినప్పుడే వాటితో పేచీ.

మాటలు కూడా కాలంతోపాటు సాగుతాయి. నిమిషమంటే మొదట కనురెప్పపాటు. రెప్ప వాల్చి ఎత్తడానికి పట్టే సమయాన్ని సూచించే ఆ మాట నేడు అరవై సెకన్ల పొడవుకు సాగింది. ఆంగ్లంలో 'మినిట్' అంటే గంటలో మొదటి చిన్న భాగమని, 'సెకండ్' అంటే రెండవ చిన్న భాగమని లాటిన్ వ్యుత్పత్తి. అందులో 'చిన్న' అన్న మాట ఊడిపోయి ఒట్టి 'రెండవది' మిగిలింది. ఈ అరవైల లెక్క ప్రాచీన బాబిలోనియా వారిది. పదుల లెక్క అన్ని రంగాలనూ జయించినా గడియారాన్ని జయించలేకపోయింది. ఫ్రెంచి విప్లవకాలంలో 1793లో రోజుకు పది గంటలు, గంటకు నూరు నిమిషాలు అని చట్టం చేశారు గానీ రెండేళ్ళు నిండకుండానే దానిని పక్కనపెట్టారు. మీటరును, కిలోగ్రామును ఆమోదించిన జనం పదిగంటల రోజును ఆమోదించలేదు.

గడియారపు ముళ్ళు తిరిగే దిశను గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. యంత్ర గడియారాలు పుట్టింది ఉత్తరార్ధగోళంలో. అక్కడ నీడగడియారం మీద నీడ ఏ దిశలో తిరిగేదో, యంత్రపు ముల్లును కూడా ఆ దిశలోనే తిప్పారు. గుడిచుట్టూ చేసే ప్రదక్షిణం కూడా అదే దిశ. రెండింటికీ గురువు సూర్యుడే. అయితే తెలుగునేల కర్కటరేఖకు దక్షిణాన ఉండటంవలన నడివేసవిలో కొన్ని వారాలపాటు సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికి జరుగుతాడు. ఆ రోజులలో ముంగిట నిలువుగా పాతిన కర్ర నీడ మధ్యాహ్నవేళ దక్షిణానికి పడి, అపసవ్యంగా తిరుగుతుంది. నమ్మనివారు హైదరాబాదులో జూన్ నెల మధ్యాహ్నం ఒక కర్ర పాతి చూడవచ్చు. మబ్బులు అడ్డం రాకూడదు, అంతే.

ఊరందరికీ ఒక గడియారమన్న ఆలోచన పందొమ్మిదవ శతాబ్దంలో బలపడింది. 1591లో కట్టిన చార్మినారు మూడువందల ఏళ్ళపాటు గడియారం లేకుండానే ఠీవిగా నిలబడింది. 1889లో దాని నాలుగు ముఖాలకూ గడియారాలు అమర్చారు. సికింద్రాబాదు గడియార స్తంభం 1897 నాటిది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో నక్షత్రశాలను నెలకొల్పాడు. నక్షత్రాలను చూసి సరిచేసిన సమయాన్ని పట్టణానికి తెలియజేయడానికి డాల్ఫిన్స్ నోస్ కొండమీద ధ్వజస్తంభం నాటించి, ప్రతిదినం నిర్ణీత సమయానికి జెండా దించే ఏర్పాటు చేశాడు. రేవులోని ఓడలవారూ పేటలోని వ్యాపారులూ దానిని చూసి తమ గడియారాలు దిద్దుకొనేవారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ నక్షత్రశాల నుండే 1874 డిసెంబరులో సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటిపోవడాన్ని పరిశీలించాడు. ఇంతటి కృషి చేసిన మామా అల్లుళ్ళ పేర్లు విశాఖ వీధులలో ఎంతమందికి తెలుసునన్నది ఆలోచించవలసిన విషయం.

చెన్నపట్నంలో ఈస్టిండియా కంపెనీవారి నక్షత్రశాల 1792 నాటికే సిద్ధమయింది. అక్కడి రాతిస్తంభం మీద ఇతర భాషలతోపాటు తెలుగులో కూడా శాసనం చెక్కించారు. ఆసియాలో గణితశాస్త్రాలకు తామే తొలి మొక్క నాటామని వెయ్యేళ్ళ తరువాతివారికి సైతం తెలియాలన్నది దాని ఉద్దేశం. అరవైమార్లు మునిగే రాగిగిన్నెను గురించి అప్పటికి వెయ్యేళ్ళకు పూర్వమే శ్లోకాలు కట్టిన దేశంలో అటువంటి శాసనం చెక్కించడానికి చాలా ధైర్యం కావాలి. ఆ నక్షత్రశాల చేసిన పని మాత్రం గట్టిది. భూమి తన చుట్టూ తాను తిరగడంలో ఒక డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిమిషాలు పడుతుంది. కనుక ప్రతి ఊరికీ దాని మధ్యాహ్నం దానిదే. రైళ్ళు రానంతకాలం ఆ తేడా ఎవరినీ బాధించలేదు. రైళ్ళు వచ్చాక చిక్కు మొదలయింది. బొంబాయి సమయం వేరు, కలకత్తా సమయం వేరు. రెండింటికీ గంటకు పైగా ఎడం. నడుమనున్న మద్రాసు సమయాన్ని దేశమంతటా రైళ్ళకు నియమించి ఆ చిక్కును కొంతకాలం నెట్టుకొచ్చారు.

1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక సమయం అమలులోకి వచ్చింది. గ్రీనిచ్ సమయానికి ఇది అయిదున్నర గంటలు ముందు. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూరు మీదుగా దిగివచ్చి, కాకినాడ సమీపాన సముద్రంలో కలుస్తుంది. అప్పటివరకు మద్రాసు సమయాన్ని పాటించిన తావులలో గడియారాన్ని తొమ్మిది నిమిషాలు ముందుకు జరిపితే సరిపోయింది. బొంబాయిలో జరపవలసినది ముప్పై తొమ్మిది నిమిషాలు. ఆ నెలలోనే అక్కడి నూలుమిల్లు కార్మికులు వేలసంఖ్యలో పని మానివేసి, రాళ్ళు రువ్వి, తమ పాత సమయం తమకు కావాలన్నారు. వారికి ఖగోళశాస్త్రంతో పేచీ లేదు. చీకటి విడకముందే మిల్లుకు చేరుకోవలసి రావడంతోనే పేచీ. బల్ల మీద గీసిన ఒక గీత శ్రామికుడి నిద్రలో ముప్పై తొమ్మిది నిమిషాలు కోసివేస్తుందని గీత గీసినవారికి తోచలేదు. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ స్థానిక సమయాలను వదిలిపెట్టలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుండి 1945 వరకు, దేశంలోని గడియారాలన్నింటినీ మరొక గంట ముందుకు జరిపారు.

ఒక దేశానికి ఒకే సమయం ఉండటంలో సౌకర్యం ఉన్నది. దానికి మూల్యం చెల్లించేవారు అంచులలో ఉంటారు. భారతదేశపు పడమటి కొసకూ తూర్పు కొసకూ సూర్యుని లెక్కలో దాదాపు రెండు గంటల తేడా. అస్సాంలో వేసవి తెల్లవారుజామున నాలుగున్నరకే సూర్యుడు ఉదయిస్తాడు. కచేరీల తలుపులు తెరుచుకునేసరికి పగటిలో మూడవ వంతు గడిచిపోతుంది. శీతకాలంలో సాయంత్రం నాలుగున్నరకే దీపాలు పెట్టుకోవాలి. అందువలన అక్కడి తేయాకు తోటలలో బ్రిటిషువారి కాలంనుండి గడియారాన్ని ఒక గంట ముందుకు పెట్టుకొనే ఆచారం ఉన్నది. దానిని 'బాగాన్ సమయం', అంటే తోట సమయం, అంటారు. ఈశాన్య రాష్ట్రాలకు వేరే సమయం ఇవ్వడం సాధ్యమేనని 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు సూచించారు. రెండు సమయాల సరిహద్దు దగ్గర రైళ్ళు ఢీకొంటాయేమోనన్న భయం ఒకవైపు, ఒక దేశానికి రెండు గడియారాలా అన్న సందేహం మరొకవైపు. తెలుగునేల మీద కూడా ఈ తేడా లేకపోలేదు. విషువత్తు రోజులలో ఇచ్ఛాపురంలో సూర్యుడు ఉదయించిన సుమారు అరగంటకు గానీ హిందూపురంలో ఉదయించడు. అందుకే పంచాంగకర్తలు ఒక ఊరికి గణించిన సమయాలను మరొక ఊరికి సవరించుకొనే పద్ధతిని కూడా పంచాంగంలోనే ఇస్తారు.

గోడమీది గడియారం మణికట్టుకు దిగిన కథ వేరు. హిందుస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ జపానుకు చెందిన సిటిజెన్ సంస్థ సహకారంతో 1961లో బెంగుళూరులో చేతిగడియారాల తయారీ ప్రారంభించింది. ఆపైన మూడు దశాబ్దాలపాటు పదవ తరగతి పాసయిన కొడుక్కి, పదవీ విరమణ చేసే గుమాస్తాకు, కొత్త అల్లుడికి ఇవ్వదగిన వస్తువు అదే అయింది. కట్నం, సైకిలు, రేడియో, చేతిగడియారం అని లాంఛనాల జాబితా చదువుతుంటే లోపల ఒక ఆడపిల్ల తండ్రి గుండె కొట్టుకొనే వేగాన్ని ఏ గడియారమూ కొలవలేదు. ఆ గడియారం ముఖం మీద '17 జ్యువెల్స్' అని ఉండేది. లోపల పదిహేడు రత్నాలున్నాయని చాలామంది మురిసేవారు. రత్నాలున్న మాట నిజమే. అవి చక్రాల ఇరుసులు అరగకుండా అమర్చిన కృత్రిమ కెంపులు. అమ్మబోతే వాటికి వెల రాదు గానీ, అవి లేకపోతే గడియారం ఎక్కువకాలం నడవదు.

ఆ రోజులలో ప్రతి బజారులోను ఒక గడియారాల మరమ్మతు దుకాణం ఉండేది. అద్దాల పెట్టె వెనుక కూర్చున్న మనిషి ఒక కంటికి భూతద్దం తగిలించుకొని, ఊపిరి బిగబట్టి, శ్రావణంతో వెంట్రుకవంటి స్ప్రింగును పట్టుకొనేవాడు. గడియారాన్ని చెవిదగ్గర పెట్టుకొని, టిక్కుటిక్కులలో తేడాను బట్టి రోగనిర్ణయం చేసేవాడు. 1969 డిసెంబరు 25న జపానులో సీకో సంస్థ తొలి క్వార్ట్జ్ చేతిగడియారాన్ని విడుదల చేసింది. అతని చెవికి ఆ రోజే తాఖీదు అందిందనవచ్చు. అది బజారుకు చేరడానికి కొన్నేళ్ళు పట్టిందంతే. మామూలు చేతిగడియారపు హృదయం సెకనుకు అయిదుసార్లు కొట్టుకొంటే, క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 మార్లు కంపిస్తుంది. అంకె విడ్డూరంగా కనిపిస్తుంది గానీ, ఒకటిని పదిహేనుమార్లు రెట్టింపు చేస్తే వచ్చేది అదే. ఆ కంపనాలను పదిహేనుమార్లు సగం చేస్తూపోతే సెకనుకు ఒక్క కంపనం మిగులుతుంది. ముల్లు ఒక అడుగు వేస్తుంది. ఆ పని చేసే గడియారం చవకగా దొరికినప్పుడు మరమ్మతు చేయించుకొనేవారు ఎవరు? పాడయితే పారవేయడమే. 2016లో హెచ్.ఎం.టి. గడియారాల తయారీని మూసివేశారు. మరమ్మతు దుకాణాలలో చాలావరకు సెల్‌ఫోను దుకాణాలుగా మారిపోయాయి. పనివాడి చెయ్యి అదే, భూతద్దం అదే. వినవలసిన శబ్దం మాత్రం లేదు.

ఇక సెకనును నిర్ణయించే అధికారం సూర్యుని చేతిలోనుండి కూడా జారిపోయింది. 1967లో సీజియం పరమాణువుకు సంబంధించిన 919,26,31,770 కంపనాల కాలాన్ని ఒక సెకను అని నిర్వచించారు. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆ పరమాణు గడియారాల సాయంతోనే భారత ప్రామాణిక సమయాన్ని కాపాడుతున్నది. సెల్‌ఫోనులో దారి చూపే పటం కూడా గడియారం మీదనే ఆధారపడి ఉన్నది. ఉపగ్రహాలు పంపే సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని కొలిచి అది స్థలాన్ని లెక్కిస్తుంది. ఆ ఉపగ్రహాలలోని గడియారాలు నేలమీది గడియారాలకన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు వేగంగా నడుస్తాయి. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం ఆ తేడాను సవరించకపోతే ఒక్కరోజులోనే పటం పది కిలోమీటర్లు తప్పుతుంది. అమలాపురం వెళ్ళవలసినవాడు గోదావరిలో దిగినా ఆశ్చర్యం లేదు.

పరమాణువుకు ఉన్న నిలకడ భూమికి లేదు. అది తిరిగే వేగం కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకని 1972 నుండి అప్పుడప్పుడు ఒక సెకనును అదనంగా చేర్చి భూమికోసం గడియారాలను ఆపుతూ వచ్చారు. 2017 జనవరి 1 ఉదయం భారతదేశంలో 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తరువాత వెంటనే అయిదున్నర కాలేదు; నడుమ 60వ సెకను ఒకటి వచ్చి వెళ్ళింది. అది దేశంలో ఎంతమందికి తెలిసి ఉంటుంది? కంప్యూటర్లకు తెలిసింది, అవి తికమకపడ్డాయి కూడా. 2035 నాటికి ఈ ఏర్పాటును విరమించాలని 2022లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ తీర్మానించింది.

పంచాంగంలో మాత్రం గంటలు నిమిషాల పక్కన గడియలు విగడియలు నేటికీ అచ్చవుతున్నాయి. పెళ్ళిపందిరిలో రాగిగిన్నె లేదు. పురోహితుడు మంత్రం చదువుతూనే ఒడిలోని సెల్‌ఫోను వంక ఒక కంట చూస్తుంటాడు. నడుమ తెర పట్టుకొన్నవారు, జీలకర్ర–బెల్లం గుప్పిట పట్టుకొన్న వధూవరులు, అక్షతలు పుచ్చుకొని లేచి నిలబడిన బంధువులు అందరూ ఆ క్షణం కోసం ఎదురుచూస్తుంటారు. సన్నాయివారు మాత్రం ఏ గడియారాన్నీ చూడరు. పురోహితుని చెయ్యి ఎప్పుడు పైకి లేస్తుందా, గట్టిమేళం ఎప్పుడు అందుకోవాలా అని వారి చూపంతా ఆ చేతి మీదనే ఉంటుంది.